దీపాలు కొండెక్కిన సాయంత్రం

2025 మార్చి 29, శనివారం, కొత్త అమావాస్య. కైకోరా, న్యూజిలాండ్.

రాత్రి పదిన్నర. మోటెల్ గదిలో పరదాలు మూసి, అవి మధ్యలో విడిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టి, మా చిన్నవాడు కిటికీ దగ్గరే కాపలా కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను, బజ్జీల వాసన పోలేదు. దాని అడుగున ఇంకో వాసన కూడా ఉంది, చేపనూనె, తడి ఉన్ని కలిసినట్టు. అది పిట్టది. దాని సంగతి తరువాత.

రేపు ఉగాది. ఇంట్లో ఉంటే ఈపాటికి చింతపండు నానబెట్టి, ఇండియన్ షాపులో కొన్న ఎండు వేపపువ్వును చూసి నిట్టూర్చేదాన్ని. న్యూజిలాండ్‌లో ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. కోయిల కూయదు, మామిడి పూయదు, పంచాంగం ఒక్కటే వసంతం వచ్చిందంటుంది. పన్నెండేళ్లయినా ఈ తిరకాసు నాకు అలవాటు కాలేదు. ఈసారి పచ్చడి సామాను కూడా డిక్కీలో పెట్టుకుని క్రైస్ట్‌చర్చ్ నుంచి 180 కిలోమీటర్లు వచ్చాం, నాలుగు కుటుంబాలం, ఒక పిట్ట కోసం బజ్జీలు వేయడానికి.

పిలుపు ఎలా వచ్చిందంటే, మా ఆయనతో పనిచేసే ఆవిడది ఈ ఊరే. ఒకసారి మా ఇంట్లో మిరపకాయ బజ్జీ తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, ఇంకొకటి అడిగింది. ఊళ్లో పిట్టల కోసం సంబరం పెడుతున్నారు, స్టాళ్లలో వచ్చిన డబ్బంతా వాటికే, మీరు వచ్చి ఇవి వేయాలి అంది. ఇక్కడ సేవకోసం డబ్బు పోగుచేసే స్టాలుకు ఏడాదిలో 20 సార్లు మించనంత వరకు ఆహార చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వంక దొరకలేదు, ఒప్పుకున్నాం.

సముద్రపు గాలికి గ్యాస్ పొయ్యి మంట నేలకు పడుకునేది. మగవాళ్లు ముగ్గురు అట్టముక్కలు పట్టుకుని చుట్టూ నిలబడితే తప్ప నూనె కాగలేదు. మిరపకాయల కడుపు చీల్చి, వాము, ఉప్పు, చింతపండు ముద్ద కూరడం వదినది, పిండిలో ముంచి వేయడం నాది. మొదటి గంటలో పదిమంది వచ్చారేమో. అప్పుడు మా పెద్దది అట్ట మీద 'గోధుమపిండి లేదు, గ్లూటెన్ లేదు' అని రాసి తగిలించింది. అంతే, వరుస కట్టారు. శనగపిండికి ఇంత గౌరవం నేను ఎక్కడా చూడలేదు.

మా సంఘం పెద్దాయనను అందరం బాబాయి గారు అంటాం. ఆయన స్టాలు ముందు కట్టడానికి నాలుగు సీరియల్ బల్బుల సెట్లు తెచ్చారు. పండుగ అంటే లైట్లు ఉండాలి కదా. ఊరి వాలంటీరు ఒకావిడ నవ్వుతూ వచ్చి, అవి పెట్టెలోనే ఉంచండి, అసలు చీకటి పడకముందే సంబరం ముగించేస్తాం అంది. బాబాయి గారి ముఖం చూడాలి. వినాయకుడి పందిరికి కరెంటు వద్దన్నట్టు అయిపోయింది ఆయనకు.

విషయం ఏమిటంటే, ఈ పిట్ట పేరు హటన్స్ షియర్‌వాటర్. సముద్రంలో బతుకుతుంది, కానీ గుడ్డు పెట్టేది ఊరి వెనక కొండల మీద, 1,200 నుంచి 1,800 మీటర్ల ఎత్తులో. మన తిరుమల కన్నా ఎత్తు. అక్కడ నేలలో బొరియ తవ్వుకుని ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక రాత్రి ఒంటరిగా బయలుదేరుతుంది. అమ్మానాన్నలు వెంట రారు. సముద్రం దాని కంట పడడం అదే మొదటిసారి. దారిలో వీధిదీపాలు కనపడితే దిక్కు తప్పి రోడ్డు మీద దిగిపోతుంది. కాళ్లు శరీరానికి బాగా వెనక ఉంటాయి, ఈదడానికి, మునగడానికి తప్ప నడవడానికి పనికిరావు, చదునైన నేల మీద నుంచి పైకి లేవలేదు. తరువాత పిల్లి, కుక్క, కారు, ఏది ముందు వస్తే అది. వందల్లో పడిన ఏళ్లు కూడా ఉన్నాయి. మబ్బు పట్టిన రాత్రులు, వెన్నెల లేని రాత్రులు మరీ ఎక్కువట. మేము సరిగ్గా అమావాస్య నాడు దిగాం.

మధ్యాహ్నం రెండింటికి, అంటే మన దగ్గర పొద్దున్న ఆరున్నరకు, అమ్మ కాఫీ తాగుతూ ఫోను చేసింది. పిట్ట పేరేమిటంది. మావోరీలో తీతీ అంటారమ్మా అన్నాను.

"తీతువా? అయ్యో, పండుగ పూట ఆ పేరు ఎత్తుతారా ఎవరైనా? తీతువు కూస్తే కీడు అంటారు. దానికి చందాలు కూడానా!"

"తీతువు కాదమ్మా, తీతీ. ఇది వేరే పిట్ట."

అమ్మ వినిపించుకోలేదు. వినిపించుకోకుండానే మెత్తబడింది. సముద్రం గుడ్లు ఎత్తుకుపోతే తీతువు జంట సముద్రాన్నే ఎండగడతామని శపథం చేసిన కథ ఎత్తుకుంది. గరుత్మంతుడి దాకా మొర వెళ్లింది, విష్ణువు కోప్పడ్డాడు, సముద్రం గుడ్లు తిరిగి ఇచ్చేసింది. చిన్నప్పుడు ఆరుబయట మంచం మీద ఎన్నిసార్లు విన్నానో. "అయితే దీని గుడ్లు కూడా సముద్రమే ఎత్తుకుపోయిందా?" అని అడిగింది.

సముద్రం కాదు, కొండ. 2016 నవంబరు 14, అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకు 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. అది సరిగ్గా పిట్టలు గుడ్ల మీద కూర్చునే కాలం. కొండచరియలు విరిగి బొరియలతో సహా జారిపోయాయి. ఒడ్డున సముద్రపు అడుగు పైకి లేచింది, రోడ్డు తెగింది. ఉత్తరం వైపు హైవే మళ్లీ తెరవడానికి ఏడాది పైనే పట్టింది. అంతకు ముందే అడవిపందులు బొరియలు తవ్వి తినగా కొండల మీద మిగిలినవి రెండే స్థావరాలు. అసలు ఇవి ఎక్కడ గుడ్లు పెడతాయో శాస్త్రజ్ఞులకు తెలిసింది 1964లో, జెఫ్ హారో అనే పర్వతారోహకుడు పైకెక్కి చూశాక. న్గాయ్ తాహు తెగ వాళ్లకు మాత్రం తరాల ముందు నుంచీ తెలుసు. వాళ్లను అడిగి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదేమో.

ఇక్కడ గరుత్మంతుడి పని హెలికాప్టరు చేసింది. 2005 నుంచి కొన్ని పిల్లలను కొండల మీద నుంచి ఊరి పక్క ద్వీపకల్పానికి దించి, చెక్క గూళ్లలో పెట్టి, సార్డీన్ చేపలు మిక్సీలో వేసి గొట్టంతో తినిపించారు. 2010లో చుట్టూ పందులు, పిల్లులు, ముంగిసల్లాంటి స్టోట్లు దూరలేని కంచె వేశారు. ఈ రోజు బజ్జీల డబ్బు ఆ కంచె మరమ్మతుకేనని నేను అమ్మకు చెప్పాను. నిజానికి దేనికి వెళుతుందో నేను అడగలేదు. అమ్మకు కంచె అంటే అర్థమవుతుందని అలా చెప్పాను.

పిల్లల బల్ల మీద అట్టపెట్టెలకు రంగులు వేయిస్తున్నారు. ఈ రెండు నెలలు ఊళ్లో కార్లలో ఒక ఖాళీ అట్టపెట్టె తిప్పుతుంటారు, పిట్ట దొరికితే అందులో పెట్టి అప్పగించడానికి. మా వాడు తన పెట్టె మీద వచ్చీరాని తెలుగులో 'పిట్ట ఉంది మెల్లిగా' అని రాశాడు. 'పిట్ట'కు ఒక్క ట వత్తు చాలదని రెండు పెట్టాడు. దిద్దబోతే మా ఆయన వద్దని సైగ చేశాడు.

ఆరున్నరకు సర్దేశాం. మా లెక్క 640 డాలర్లు, అరసంచి పిండి మిగులు. ఏడుంపావు దాటాక ఊరు మసకబారింది. వీధిదీపాలు పసుపుపచ్చగా, తలవంచుకుని, కాళ్ల దగ్గర మాత్రమే వెలుగు పోస్తున్నాయి. ఇళ్ల వరండాల్లో లైట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో ఈ ప్రాంతానికి చీకటి ఆకాశపు అభయారణ్యంగా, అంటే రాత్రి ఆకాశాన్ని దీపాల వెలుగు నుంచి కాపాడే చోటుగా, గుర్తింపు వచ్చిందని బోర్డు మీద చదివాను. దీపాలు ఆర్పేసి ముగించే పండుగ నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మనం ఆర్పడం అన్న మాట కూడా అనం, దీపం కొండెక్కింది అంటాం. బాబాయి గారికి అదే చెప్పాను. ఆయన తలెత్తి నల్లటి కొండల వైపు చూసి, "ఎక్కాయిలే, ఇక్కడ నిజంగానే ఎక్కాయి" అన్నారు. ఆయన సీరియల్ సెట్లు అప్పటికీ ఒళ్లోనే ఉన్నాయి.

తొమ్మిదింటికి పెట్రోలు కోసం వెళ్లి వస్తుంటే దొరికింది. ఒక గోదాము ముందు తెల్లటి లైటు ఒకటి ఎవరూ ఆర్పనిది వెలుగుతోంది, దాని కింద ఏదో నల్లగా. తడిసిన చెప్పు అనుకున్నాను. చెప్పు కదిలింది.

పైన గోధుమ నలుపు, కింద తెలుపు. సన్నటి పొడుగాటి ముక్కు. మెడ వెనక పిల్లతనపు బూరు ఇంకా ఊడలేదు, దుమ్ములా అంటుకుని ఉంది. స్కార్ఫు వేసి రెండు చేతులా ఎత్తాను. ఆరు కోడిగుడ్ల బరువు ఉంటుందేమో. అరవలేదు. గుండె మాత్రం నా బొటనవేలి కింద, పొయ్యి మీద మూత కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. మా వాడు పెట్టె తెరిచి పట్టుకున్నాడు. ఊళ్లో అప్పగించే చోటు దాకా ప్రతి గతుకుకూ వాళ్ల నాన్నను "మెల్లిగా" అంటూనే ఉన్నాడు.

తీసుకున్నావిడ టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. దెబ్బలేమీ లేవు, రేపు సముద్రం మీద వదిలేస్తాం అంది. పెట్టె మీద ఏమి రాసి ఉందని అడిగింది. వాడు చదివి అర్థం చెప్పాడు. ఆవిడ "మెలిగా, మెలిగా" అని రెండుసార్లు అనుకుని, లోపల ఉన్న మిగతా పెట్టెల పక్కన పెట్టింది. ఈ రాత్రికి అది ఏడోది.

పెట్టె తిరిగి ఇస్తారా అని వాడు దారంతా అడిగాడు. ఇవ్వరు. ఇంకొకటి చేసుకోవాలి.

పొద్దున్నే తలంటు, పచ్చడి. ఇంట్లో అయితే చీకటితోనే లేచి దీపం పెట్టేదాన్ని. రేపు తెల్లవారాకే పెట్టాలని నిద్రపోయే ముందు వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు.