చక్కెర ముందే కలిపేశారా?

నాకు షుగర్ ఉందని తేలినప్పుడు హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. 6.5కి చేరితేనే డయాబెటిస్ కింద లెక్క. డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ రాసి, అన్నం ఎంత తింటారు, రాత్రి ఎన్నింటికి తింటారు అని అడిగారు. ఆ తర్వాత "రోజంతా బయట ఏమేం తాగుతారు?" అన్నారు. అన్నం సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. తాగేవాటి లెక్క రాయడానికి ఆవిడకు చీటీ వెనకవైపు కూడా కావలసి వచ్చింది.

నాది ఆడిట్ ఉద్యోగం. కొన్ని రోజులు హైదరాబాద్‌లో, కొన్ని రోజులు నల్గొండ, సూర్యాపేట, విజయవాడ బ్రాంచీల్లో ఉంటాను. ఎక్కడికెళ్లినా ఫైలు తెరవకముందే "టీ చెప్పమంటారా సార్?" అంటారు. మధ్యాహ్నం ఎండకు బత్తాయి జ్యూస్, సాయంత్రం మళ్లీ టీ. బయట టీలో మామూలుగా రెండు చెంచాల చక్కెర పడుతుంది. చెంచాకు 4 నుంచి 5 గ్రాములు. ఐదు టీలు తాగితే 40 నుంచి 50 గ్రాములు అక్కడే అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని తీపి అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదు. 25 లోపు ఉంటే ఇంకా మంచిది. షుగర్ లేనివాళ్లకు కూడా వర్తించే లెక్క అది.

"చక్కెర తక్కువ వెయ్యండి" అంటే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో చాయ్ కలిపే పెద్దాయన వల్ల నాకు అసలు సంగతి తెలిసింది. మూతికి గుడ్డ కట్టి దమ్ మీద పెట్టిన డికాక్షన్ ఒక పక్క, చిక్కగా మరిగిన పాలు ఇంకో పక్క ఉన్నాయి. "భాయ్, షుగర్ లేకుండా ఒక చాయ్" అన్నాను. ఆయన గరిటె పట్టుకున్న చేయి ఆపి, "షుగర్ అందులోనే కలిసి ఉంటది సాబ్, పొద్దున్నే వేసేస్తం. ఇప్పుడు నేను తీయలేను కదా. సులేమానీ చేసిస్త, దాంట్లో వెయ్యను" అన్నాడు. ఆ రోజు నిమ్మరసం పిండిన ఆ నల్ల టీ తాగాను. చప్పగా ఏమీ లేదు, బాగుంది.

అప్పటి నుంచి నేను మొదట అడిగే మాట ఒకటే: "చక్కెర ముందే కలిపేశారా, గ్లాసులో వేస్తారా?" ముందే కలిపేసి ఉంటే ఇక తక్కువా ఎక్కువా అనే మాట లేదు, అది వదిలి వేరేది చెప్పుకోవాలి. గ్లాసులో వేసేదైతే మన చేతిలో పనే. ఈ లెక్కన చూస్తే రోడ్డు పక్క బండి మీద పాలు, టీపొడి, చక్కెర కలిపి ఒకే గిన్నెలో మరిగించే టీ నాకు పనికిరాదు. టిఫిన్ హోటల్ ఫిల్టర్ కాఫీలో చాలాచోట్ల చక్కెర చివర్న గ్లాసులో పడుతుంది కాబట్టి అది పనికొస్తుంది. ఆఫీసుల్లో బటన్ నొక్కితే టీ పోసే మెషీన్లు ఉన్నాయి కదా, వాటి పొడిలో మామూలుగా పాలపొడితో పాటు చక్కెర కూడా కలిసే ఉంటుంది. అందుకని వేడినీళ్ల బటన్ నొక్కి, జేబులో ఉన్న టీ బ్యాగ్ వేసుకుంటాను. కాఫీ షాపులో "నో షుగర్" అని ఆర్డర్ పెట్టినా కారమెల్, హేజల్‌నట్ లాంటి సిరప్‌లు విడిగా పడతాయి. అవీ వద్దని చెప్పాలి. యాప్‌లో ఆర్డర్ చేసేటప్పుడు నోట్ రాసి ఊరుకోను, హోటల్‌కి ఫోన్ కూడా చేస్తాను. నోట్ వంటగది దాకా చేరిందో లేదో మనకు కనపడదు.

బెల్లం టీ గురించి ఒక్క మాట. "షుగర్ ఉన్నవాళ్లూ తాగొచ్చు" అని బోర్డు పెట్టి అమ్ముతున్నారు. అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. తేనె అయినా ఒంట్లోకి వెళ్లాక షుగర్ పెంచేదే. ఆ బోర్డును నమ్మి రోజుకు మూడు కప్పులు తాగే పెద్దవాళ్లను నేను చూశాను.

జ్యూస్ సంగతి గ్లూకోమీటర్ చెప్పింది. విజయవాడలో నేను ఎప్పుడూ వెళ్లే జ్యూస్ షాపులో బత్తాయి రసం తీశాక, కౌంటర్ కింద ఉన్న స్టీలు క్యాన్‌లోంచి పాకం రెండు గరిటెలు పోస్తారు. మిక్సీ తిరిగే చప్పుడులో ఆ గరిటెలు ఎవరికీ పట్టవు. ఒక రోజు తాగే ముందు వేలు గుచ్చి చూసుకుంటే 118. తాగిన గంటకు 231. ఇంకో రోజు "బాబాయ్, పాకం వద్దు, ఐస్ కూడా వద్దు, రసం ఒక్కటే ఇవ్వు" అని చెప్పి తాగితే గంటకు 187. మరో రోజు రెండు బత్తాయిలు వొలుచుకుని తొనలుగా తిన్నాను, 149 వచ్చింది. ఆ గ్లాసుకు నాలుగైదు కాయలు పిండుతారు, పీచు పిప్పిలోనే పోతుంది, మిగిలిన తీపి నీళ్లు నమలకుండానే కడుపు దాటిపోతాయి. ఇవి నా ఒంటి అంకెలు. ఇంకొకరికి వేరేగా రావచ్చు, అందుకే ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

చూసుకునే టైమ్ కూడా ముఖ్యమే. భోజనం తర్వాత రెండు గంటలకు చూసుకోమని అందరికీ చెప్తారు, భోజనానికి అది సరైనదే. తీపి నీళ్లు మాత్రం అంతకంటే తొందరగా ఎక్కుతాయి, సుమారు అరగంట నుంచి గంటలోపే బాగా పైకి వెళ్తాయి. రెండు గంటలకు చూస్తే అప్పటికి కొంత దిగిపోయి, ఏమీ కాలేదనిపిస్తుంది. స్ట్రిప్పులు ఖరీదు, రోజూ ఇలా గుచ్చుకోనక్కర్లేదు. కొత్తది ఏదైనా తాగినప్పుడు ముందొకసారి, గంటకొకసారి చూసుకుంటే చాలు, ఆ తర్వాత ఆ అంకె గుర్తుండిపోతుంది.

చెరకు రసం పూర్తిగా మానేశాను. పెద్ద గ్లాసులో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది, కూల్ డ్రింక్ సీసాకు ఏమీ తీసిపోదు. కొబ్బరి బోండం అప్పుడప్పుడు తాగుతాను. లేత బోండంలో తీపి తక్కువ, కాయంతా కలిపి 10 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. అయితే అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే తాగాలి. పొద్దున్నే వాకింగ్ దారుల్లో అమ్మే రాగి జావ మంచిదే, కానీ బెల్లం వేసినది వదిలి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసినది అడుగుతాను. అది కూడా పిండి పదార్థమే కాబట్టి టిఫిన్‌కి బదులు తాగాలి, టిఫిన్ తిన్నాక పైన కాదు. నిమ్మ సోడా అయితే "ఉప్పుది" అని సోడా కొట్టకముందే చెప్పాలి.

తీపి లేకపోతే తాగలేని రోజున చక్కెరకు బదులు వాడే కృత్రిమ తీపి, సుక్రలోజ్ గుళిక ఒకటి వేసుకుంటాను. బరువు తగ్గడానికని ఇలాంటివి వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ సూచన అప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లను ఉద్దేశించినది కాదని కూడా అందులోనే ఉంది. నేను మాత్రం రోజుకు ఒకటి దాటనివ్వను.

తర్వాత ఒక దశలో డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర కూడా కలిపారు. దాంతో షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది, భోజనం ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పారు. నల్గొండలో ఒక మధ్యాహ్నం లెక్కలు తేలక భోజనం వేళ దాటిపోయింది. చేతులు వణకడం, చొక్కా చెమటకు తడిసిపోవడం, ఎదురుగా ఉన్న అంకెలు అలుక్కుపోవడం. చూసుకుంటే 62. 70 కంటే తగ్గితే అప్పటికప్పుడు 15 గ్రాముల చక్కెర ఒంట్లోకి వెళ్లాలి. అటెండర్‌ని పరిగెత్తించి కూల్ డ్రింక్ తెప్పించి సగం గ్లాసు, అంటే 150 మి.లీ. తాగాను. పావుగంటకు 94 వచ్చింది, అప్పుడు భోజనం చేశాను. ఆ కుర్రాడు నాకు షుగర్ ఉందని తెలిసి, పాపం మంచి మనసుతో "డైట్‌ది తేనా సార్?" అని అడిగాడు. అలాంటప్పుడు డైట్‌ది పనికిరాదు, అందులో చక్కెరే ఉండదు. ఇంట్లోవాళ్లకూ ఆఫీసువాళ్లకూ ఇది ముందే చెప్పి ఉంచాలి. ఆ టైమ్‌లో వివరించి చెప్పే ఓపిక మనకు ఉండదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని కూడా చెప్పాలి.

బ్రాంచీల్లో మర్యాద విషయం నాకు కొంత టెన్షన్ పెట్టింది. "వద్దండి" అంటే వాళ్లకు బాధ, రెండోసారి, మూడోసారి అడుగుతారు. దానికి బదులు "టీ వద్దండీ, మజ్జిగ ఉంటే ఉప్పు వేసి ఇప్పించండి" అని ఫలానాది అడిగితే సంతోషంగా తెప్పిస్తారు. సూర్యాపేటలో ఇప్పుడు చక్కెర వేయకముందే ఒక ఫ్లాస్కులో టీ విడిగా తీసి పెడుతున్నారు. దాంట్లోంచి తాగేవాళ్లు నాతో పాటు ఇంకొంతమంది తేలారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ సర్వే 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ప్రతి టీ కొట్టూ చక్కెర వేయని గిన్నె ఒకటి పక్కన పెట్టుకుంటే దాని గిరాకీ దానికి ఉంటుంది.

మొన్నటి రిపోర్టులో నా హెచ్‌బీఏ1సీ 6.9. గ్లిమిపిరైడ్ తగ్గించాలా వద్దా అన్నది ఈ వేసవి గడిచాక, ఇంకో రిపోర్టు చూసి చెప్తానన్నారు డాక్టర్ గారు.