కూర్చుంటే చిరగని పైజామా

ఈ వారం పైజామా కుదిరింది. మా పాప చిట్టి దాన్ని వేసుకుని గుమ్మం దగ్గర చీమల బారు చూస్తూ చాలాసేపు గొంతుక్కూర్చుంది. వెనక నడుము బయటపడలేదు, తొడల దగ్గర గుడ్డ బిగుసుకోలేదు, లేచాక మోకాళ్ల మీదికి ఎగబాకలేదు. కొనుక్కొచ్చే పైజామాల్లో చాలావరకు నిలబడిన పిల్ల కోసం కుట్టినవే. రెండున్నరేళ్ల పిల్ల నిలబడి ఉండేది ఎంతసేపని?

కుట్టు మిషన్ అమ్మది. కాలితో తొక్కే నల్ల ఉషా. నా చిన్నప్పుడు దాని మీదే వాడకట్టులో అందరికీ జాకెట్లు కుట్టేది. మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెతోపాటే అదీ వచ్చింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో తొక్కలేదు గానీ, పక్కన కూర్చుని నా కుట్టుకు వంకలు పెట్టడంలో మాత్రం లోటు చేయదు. నాది సాయంత్రం షిఫ్టు. మా ఆవిడ పొద్దున్నే బ్యాంకుకు వెళ్లిపోతుంది కాబట్టి మధ్యాహ్నం దాకా చిట్టి నా వంతు. అందుకే దీన్ని కుట్టు లెక్క అంటున్నాను గానీ, సగానికి సగం ఆ పిల్ల పొద్దంతా ఏం చేస్తుందో చూసి రాసుకున్నదే.

పైజామా కొలతలు తీసుకుంటుంటే అమ్మ టేపు లాక్కుంది. "నిలబెట్టి కొలుస్తవేంది? కూసోబెట్టి కొలువు." పిల్లను చిన్న పీట మీద కూర్చోబెట్టి, పక్క నుంచి నడుము దగ్గర మొదలుపెట్టి పీట తగిలేదాకా కొలవాలి. దానికి ఒక అంగుళం కలిపితే ఆసన్ లోతు, అంటే నడుము నుంచి కాళ్లు కలిసే చోటు దాకా కొలత, వస్తుంది. ముందు భాగానికి ఇది చాలు. వెనక భాగం నడుము దగ్గర ఇంకో రెండు అంగుళాలు పైకి ఉండాలి. వంగినా కూర్చున్నా గుడ్డను లాగేది వెనకవైపే. రాత్రి డైపర్ వేసేవాళ్లయితే ఇంకో అర అంగుళం వదులుకోండి.

అసలు కిటుకు మియానీలో, అంటే రెండు కాళ్ల మధ్య వేసే ముక్కలో ఉంది. మా సందు చివర కుర్తాలు, షేర్వాణీలు కుట్టే చాచా ఒకాయన ఉన్నారు. పాత పైజామా పట్టుకెళ్లి చూపిస్తే తిరగేసి ఒక్కసారి చూసి "మియానీ నై హై నా బేటా, కైసే బైఠేగీ బచ్చీ?" అన్నారు. మియానీ లేకుండా పిల్ల ఎలా కూర్చుంటుందని. రెండు కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లూ ఒకే బిందువులో కలిస్తే, పిల్ల కూర్చున్నప్పుడు లాగుడంతా ఆ బిందువు మీదే పడుతుంది. అక్కడ చదరపు ముక్క ఒకటి వేస్తే ఆ బరువు నాలుగు వైపులకూ పంచుకుంటుంది. చిట్టి సైజుకు ఐదంగుళాల చదరం కత్తిరించాను. అన్ని వైపులా అరంగుళం కుట్టులోకి పోతే నాలుగు మిగులుతుంది. చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఊహించుకోండి: ముందు మూల ముందు కుట్టులోకి, వెనక మూల వెనక కుట్టులోకి, మిగతా రెండు మూలలూ చెరో కాలి లోపలి కుట్టులోకి పోతాయి. ప్రతి మూలకూ అరంగుళం ముందే కుట్టు ఆపి, రెండు మూడు కుట్లు వెనక్కి వేసి బిగించాలి. చివరిదాకా కుట్టేస్తే మూల దగ్గర ముడత పడుతుంది, తిప్పడానికి వీలుండదు. మొత్తం పనిలో ఓపిక అడిగేది ఇదొక్కటే. మిగతాదంతా నేరుగా తొక్కుకుంటూ పోవడమే.

44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న కాటన్ ముప్పావు మీటరు సరిపోయింది, ముక్కలు కూడా మిగిలాయి. నడుము 19 అంగుళాలు ఉంటే ఎలాస్టిక్ పదిహేడున్నర తీసుకుని, చివరలు అరంగుళం ఒకదాని మీద ఒకటి వేసి కుట్టాను. వెడల్పు ముప్పావు అంగుళం ఉన్న మెత్తటి రకం తెచ్చాను. సన్నటి ఎలాస్టిక్ అయితే నడుము చుట్టూ ఎర్రగా చార పడుతుంది. పైగా ఇప్పుడు పాటీ అలవాటు చేస్తున్నాం. వచ్చిందని చెప్పిన క్షణానికీ, అయిపోయిన క్షణానికీ మధ్య ఉండే టైము తల్లిదండ్రులందరికీ తెలిసిందే. తనంతట తాను లాగితే కిందికి రావాలి, వదిలితే జారకూడదు. నాడాలూ బొత్తాలూ ఈ వయసులో పెద్దవాళ్ల ముచ్చట కోసమే.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నది 'నేనే' కాలం. అన్నం నేనే, చెప్పులు నేనే, పైజామా నేనే. రెండు కాళ్లూ ఒకే గొట్టంలో దూర్చి, ముందుకు పడబోయి, సాయం చేయబోతే కేకలు పెట్టి, మొత్తం విప్పి మళ్లీ మొదలు. బయటికి బయల్దేరే రోజున ఇది మంచి టెన్షన్. దీనికి కుట్టులోనే ఒక ఉపాయం దొరికింది. ముందు వైపు నడుము పట్టీ మధ్యలో ఎర్ర దారంతో రూపాయి బిళ్లంత చుక్క కుట్టాను. 'చుక్క బొజ్జ మీద' అని నేర్పితే పట్టుకుంది. ఇప్పుడు చుక్క లేని బట్టలు తెచ్చి నన్ను నిలదీస్తోంది. వాటికీ ఒక్కొక్కటిగా కుట్టుకొస్తున్నాను.

ఫ్రాకుల దగ్గర నాకు తెలిసొచ్చిన పెద్ద సంగతి చంక గురించి. పిల్లకు గాలాడాలని చంక కిందికి దించి కోస్తాం. చిట్టి పొద్దున లేచింది మొదలు 'ఎత్తుకో' అని రెండు చేతులూ పైకెత్తుతూనే ఉంటుంది. చంక కిందికి ఉన్న ఫ్రాకు చేతులు ఎత్తగానే మొత్తంగా పైకి లేస్తుంది, పొట్టంతా బయటే. చంకను పైకి, దాదాపు శరీరానికి దగ్గరగా కోస్తే చెయ్యి ఒక్కటే కదులుతుంది, ఫ్రాకు ఉన్నచోటే ఉంటుంది. వినడానికి తలకిందులుగా ఉంది కదా, నేనూ నమ్మలేదు. పాత దిండు గలేబు మీద రెండు రకాలుగానూ కోసి, పిల్లకు తొడిగి, ఎత్తుకోమంటూ చేతులు చాచిన చోట చూస్తే తేడా కళ్లకు కట్టింది. ఖరీదైన గుడ్డ మీదకు వెళ్లేముందు గలేబు మీద కోసి చూడటం ఇప్పుడు నా అలవాటు.

మెడ సంగతి. ఈ వయసు పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. చుట్టుకొలత 47, 48 సెంటీమీటర్లు, అంటే 19 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. మెడ అంతకంటే పెద్దగా కోస్తే భుజాల మీంచి జారుతుంది. అందుకని మెడ చిన్నదిగానే ఉంచి, వెనక నాలుగైదు అంగుళాలు చీల్చి, ఒకటే చదునైన గుండీ పెడుతున్నాను. గుండీని పట్టుకుని గట్టిగా లాగి చూస్తాను. ఊడొస్తే అది నేరుగా నోట్లోకే పోతుంది. మెడ దగ్గర నాడాలు, టోపీకి తాళ్లు అసలు వద్దు. జారుడుబల్ల సందుల్లో తాళ్లు ఇరుక్కుని పిల్లల గొంతు బిగిసిన ఘటనల వల్ల అమెరికాలో వీటి మీద 1996లోనే మార్గదర్శకాలు వచ్చాయి. మన పార్కుల్లోనూ జారుడుబల్లలు అవే కదా.

గుడ్డ విషయంలో మే నెలకూ మిగతా నెలలకూ పోలిక లేదు. హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో చిట్టి ఒంటి మీద నిలిచింది అమ్మ పాత చీరలతో కుట్టిన చేతుల్లేని ఫ్రాకులే. ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీరకున్న మెత్తదనం ఏ కొత్త తానులోనూ దొరకదు. పురిట్లో బిడ్డకు పాత బట్టలే తొడగాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అయితే చీరంతా పనికిరాదు. కుచ్చిళ్ల దగ్గరా, కింది అంచు దగ్గరా నలిగి పలచబడి ఉంటుంది. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే వెలుతురు ఎక్కడ ఎక్కువ వస్తోందో తెలుస్తుంది. అక్కడ కత్తెర పెట్టొద్దు. రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగి చూసినా చాలు, చిరిగేదైతే అప్పుడే చిరుగుతుంది. ఇలాంటి పలచటి గుడ్డకు 9 లేదా 11 నంబరు సూది వేయాలి. 14 నంబరు మామూలు కాటన్‌కు, 16 జీన్స్ లాంటి మందపు వాటికి. సూది మొద్దుబారితే కుట్టు పొడవునా దారపు పోగులు లేస్తాయి. కొత్త సూది ఖరీదెంతని, మార్చేయండి.

లోపలి అంచులు గుచ్చుకుంటే పిల్లలు ఆ బట్ట వేసుకోరు, ఎందుకో చెప్పనూ లేరు, ఏడుస్తారంతే. ఓవర్‌లాక్ మిషన్ (అంచుల పోగులు ఊడకుండా అల్లేది) నా దగ్గర లేదు. దాని బదులు రెండుసార్లు కుడుతున్నాను. గుడ్డ మంచివైపు బయటికి ఉండేట్టు పెట్టి పావంగుళం దగ్గర మొదటి కుట్టు, అంచు కత్తిరించి, తిరగేసి, ఆ అంచు లోపల మునిగిపోయేట్టు ఇంకో కుట్టు. పలచటి గుడ్డకు ఇది బాగుంటుంది, మందపు గుడ్డకు ఉబ్బుగా వస్తుంది. మెడకూ చంకకూ క్రాస్ పట్టీ. గుడ్డను ఏటవాలుగా, 45 డిగ్రీల్లో, అంగుళంపావు వెడల్పున కోస్తే వంపుల దగ్గర చక్కగా ఒదుగుతుంది. నేరు పట్టీ వేస్తే ఎంత ఇస్త్రీ చేసినా ముడతే.

కొత్త గుడ్డ కావాలంటే సికింద్రాబాద్ జనరల్ బజార్. మహంకాళి గుడి చుట్టుపక్కల సందుల్లో తాన్లు, కట్ పీసులు, లైనింగు గుడ్డ అన్నీ దొరుకుతాయి. పిల్లల బట్టలకు కట్ పీసులే లాభం, ఎలాగూ ముప్పావు మీటరు పనే. లష్కర్ బోనాల ఆదివారం మాత్రం బట్టల కోసం అటు వెళ్లకండి, అమ్మవారి కోసమైతే వెళ్లండి. లేసులూ గోటా పట్టీలూ లాడ్ బజార్‌లో కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, నేను కొనడం మానేశాను. జరీ లేసు పిల్ల మెడకు తగిలిందంటే ఆ ఫ్రాకు ఫొటోకే పరిమితం. ఏ కాటన్ తెచ్చినా కోసే ముందు ఒకసారి నానబెట్టి ఆరేయాలి. ముందు కుంచించుకుపోతే గుడ్డే పోతుంది, తర్వాతైతే ఫ్రాకు పోతుంది. ముదురు రంగు అయితే తెల్ల రుమాలు తడిపి రుద్ది చూడండి, పిల్ల నోట్లో పెట్టుకునేది కొంగో కాలరో ముందే చెప్పలేం.

'ఎదిగే పిల్ల, వదులుగా కుట్టు' అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. మాట నిజమే, కానీ ఎటు వదులు అన్నదే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక ప్రకారం ఆడపిల్లల సగటు ఎత్తు రెండేళ్లకు 86 సెంటీమీటర్ల దగ్గర, మూడేళ్లకు 95 దగ్గర. ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్ల పొడవు. ఛాతీ అంత పెరగదు. భుజాలు వదులుగా కుడితే ఈ ఏడాదంతా జారుతూ ఉంటుంది, వచ్చే ఏడాదికి పొడవు చాలదు. అందుకని వెడల్పు ఇప్పటి కొలతకు కొంచెం మాత్రమే వదిలి, ఎక్కువ గుడ్డంతా కింది మడతలో దాస్తున్నాను. ఫ్రాకుకు మూడంగుళాలు, పైజామాకు రెండు. మడత విప్పినప్పుడు పాత గీత కనబడుతుంది, దాని మీద ఒక రిబ్బనో రంగు దారం కుట్టో వేస్తే సరి.

మిషన్ దగ్గర పిల్ల ఉండటమే అన్నిటికంటే కష్టం. చక్రం తిరుగుతుంటే చెయ్యి పెట్టాలనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. నేను లేచిన ప్రతిసారీ బెల్టు చక్రం మీంచి తప్పించేస్తాను, అప్పుడు ఎంత తొక్కినా సూది కదలదు. మోటారు మిషన్ ఉన్నవాళ్లు ప్లగ్గు తీసి, పెడల్ మేకుకు తగిలించండి. కత్తెర బీరువా పైన. గుండుసూదులు పూర్తిగా మానేసి బట్టలారేసే చిన్న క్లిప్పులు వాడుతున్నాను. కింద పడ్డా కనబడతాయి, గుచ్చుకోవు. చిట్టికి ఉద్యోగం కూడా దొరికింది. నేను కుట్టుకుంటూ పోయేకొద్దీ తీసిన క్లిప్పు అందిస్తే డబ్బాలో వేస్తుంది. డబ్బా నిండగానే నేల మీద బోర్లించి మళ్లీ మొదటి నుంచి వేస్తుంది. పని తెమలదు గానీ, ఆ కాసేపూ బెల్టు జోలికి రాదు. అసలు కుట్టు ఆమె మధ్యాహ్నం పడుకున్నాకే. మిషన్ చప్పుడుకు లేవదు, ఆపితే లేస్తుంది. బాబిన్‌లో దారం అయిపోవడమంటే నాకు భయం అందుకే. పడుకోబెట్టే ముందే రెండు బాబిన్‌లు నింపి పెట్టుకుంటున్నాను.

జేబు ఆమె డిమాండ్. నానమ్మ కొంగు ముడిలో డబ్బులు చూసినప్పటి నుంచి తనకూ దాచుకునే చోటు కావాలట. నాలుగంగుళాల వెడల్పు, మూడున్నర లోతు, కుడి తొడ మీద. లోతు ఎక్కువైతే చెయ్యి అడుగుకు అందక ఏడుపు. నిన్న ఉతకబోయే ముందు చూస్తే సగం బిస్కెట్టు, రెండు చింతగింజలు, ఒక క్లిప్పు, టీవీ రిమోట్ వెనక మూత. మూత దొరికిందంటే బ్యాటరీలు ఎక్కడున్నాయో వెతకాలి. సోఫా కింద దొరికాయి. ఆ రిమోట్ మూతకు ఇప్పుడు టేపు చుట్టాం. రిమోట్లోనో బొమ్మలోనో బిళ్ల బ్యాటరీలు ఉన్న ఇళ్లలో జేబు ఉన్న బట్టలు రోజూ తడిమి చూడండి, అవి మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది.

ప్రస్తుతం బల్ల మీద బతుకమ్మ లంగా ఉంది. నారాయణపేట చీర ముక్క, అంచు కిందికి వచ్చేట్టు. నడుముకు ఎలాస్టిక్, పైన మెత్తటి కాటన్ బాడీ కలిపి కుడుతున్నాను. లంగా విడిగా అయితే చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు జారిపోతుంది. కింద రెండు మడతలు అంగుళం చొప్పున పెట్టాను, ఒకటి వచ్చే బతుకమ్మకు, ఇంకొకటి ఆ పైఏటికి. అమ్మ మాత్రం కుచ్చులు పలచగా ఉన్నాయంటోంది. చుట్టుకొలతకు రెండింతలు గుడ్డ తీసుకున్నాను, రెండున్నర ఉండాలట. ఇంకో అరమీటరుకు ఆ రంగు దొరుకుతుందేమో శనివారం జనరల్ బజార్‌లో చూడాలి.