గుడ్లు పెట్టేదాకా శాంతమే!

అక్వేరియంలో పెంచే సిక్లిడ్ కుటుంబం చేపలు అనగానే చాలామందికి పెద్ద ఆస్కార్ చేప గుర్తొస్తుంది, లేదంటే రాళ్ళ మధ్య ఒకదాన్నొకటి తరుముకునే ఆఫ్రికా మలావి సరస్సు చేపలు. అందుకే టెట్రాల్లాంటి చిన్న చేపలు, అడుగున తిరిగే కోరీలు ఉన్న ట్యాంకులో సిక్లిడ్ వేస్తానంటే వద్దు బాబోయ్ అంటారు. ఈ కుటుంబంలో 1,600కి పైగా జాతులున్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా చెప్పండి. మనం ఏమీ ఆలోచించకుండా వేసేసే ఏంజెల్ చేప కూడా సిక్లిడే కదా, పెద్దయ్యాక నియాన్ టెట్రాల్ని ఒక్కొక్కటే మాయం చేసేది కూడా అదే.

నాది మూడడుగుల ట్యాంకు, 90 x 45 x 45 సెంటీమీటర్లు, దాదాపు 180 లీటర్లు. నేను బోల్తా పడింది ఈ లీటర్ల దగ్గరే. ఇంత నీళ్ళున్నాయి కదా అని ఒక జత క్రిబెన్సిస్ (క్రిబ్ అంటాం), ఒక జత బొలీవియన్ రామ్, రెండూ చిన్న సిక్లిడ్‌లే, వాటితో ఎనిమిది కోరీలు వేశా, నెలన్నర దాకా అంతా బాగానే ఉంది, ఆ తర్వాత ఒకరోజు క్రిబ్ ఆడచేప పొట్ట ముదురు చెర్రీ రంగుకి తిరిగింది, మొగుడూ పెళ్ళాం కలిసి కొబ్బరిచిప్ప గుహలో దూరాయి, అంతే, ట్యాంకు అడుగులో సగం వాటి జాగీరు అయిపోయింది. రామ్‌లు తెలివైనవి, గొడవెందుకని రెండో మూలకి సర్దుకున్నాయి. కోరీలకి మాత్రం సరిహద్దు అంటే ఏంటో అర్థం కాదు పాపం, తన్నులు తిని పోతాయి, మళ్ళీ ఇసుకలో మూతి పెట్టుకుని వెతుక్కుంటూ సరిగ్గా అక్కడికే వస్తాయి. ఒకదానికి కన్ను పోయింది. క్రిబ్‌లని తిట్టబుద్ధి కాలేదు, పిల్లలున్న ఇంటి గుమ్మంలోకి రోజూ ఎవడో వచ్చి తవ్వుతుంటే మనమైనా ఊరుకుంటామా, అడుగున ముగ్గురికి చోటు పెట్టిన తప్పు నాది.

క్రిబ్‌ల్ని వేరే ట్యాంకుకి మార్చేశా. ఇప్పుడు నేను ముందు చూసేది అడుగు వైశాల్యమే, గుహలు కట్టుకుని కాపలా కాసే జత ఈ సైజు ట్యాంకుకి ఒకటి చాలు, మిగతా సందడంతా మధ్యలో, పైన ఈదే చేపలతో. డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో పెట్టే చెక్క) ముక్కలు ఒక మూల నుంచి ఇంకో మూల కనపడకుండా అడ్డం పెడితే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఏ రామ్ అని అడిగితే కళ్ళు మూసుకుని బొలీవియన్ అంటా. బ్లూ రామ్ అందం ముందు ఇది కొంచెం వెలవెలబోతుంది, ఒప్పుకుంటా, కానీ బ్లూ రామ్‌కి 27 నుంచి 30 డిగ్రీలు కావాలి, కొత్త ట్యాంకులో వేస్తే నిలవడం కష్టం. ఆ వేడికి నియాన్‌లు, మామూలు కోరీలు ఇబ్బంది పడతాయి, కార్డినల్ టెట్రాలు, స్టెర్బాయ్ కోరీలు అయితే తట్టుకుంటాయి. బొలీవియన్‌కి 25 దగ్గర పెట్టినా హాయి. ఎపిస్టోలనే చిన్న సిక్లిడ్‌లు కూడా బాగుంటాయి, వాటిలో కాకటూయిడెస్ రకమైతే మగ ఒకటి, ఆడవి రెండుమూడు, ఒక్కోదానికి ఒక్కో గుహ, ఆడచేప నిండు పసుపుకి తిరిగిందంటే గుడ్లు పెట్టిందని, దాని దగ్గరికి మొగుడు కూడా పోలేడు.

ఇప్పుడు నా ట్యాంకులో రామ్‌లకి తోడు రెండు కీహోల్ సిక్లిడ్‌లున్నాయి. పది సెంటీమీటర్ల చేప, పిరికితనంలో దీన్ని మించింది నేను చూళ్ళేదు. వేసిన కొత్తలో వారం రోజులు చెక్క వెనక నుంచి బయటికే రాలేదు, ఒంటినిండా గోధుమరంగు మచ్చలు, జబ్బేమో అని భయపడి నీళ్ళు టెస్ట్ చేస్తే అన్నీ బానే ఉన్నాయి. అప్పుడు పన్నెండు రమ్మీనోజ్ టెట్రాలు వేశా, గుంపు ధైర్యంగా ముందు తిరుగుతుంటే చుట్టుపక్కల ప్రమాదం లేదని పిరికి సిక్లిడ్‌లకి నమ్మకం కుదురుతుందట, మూడోరోజుకి రెండూ మధ్యలో ఈదుతున్నాయి. నేను క్లీనింగ్‌కి చెయ్యి పెడితే మాత్రం ఇప్పటికీ మచ్చలేసుకుని చెక్కకి అతుక్కుపోతాయి, టెట్రాలు మళ్ళీ ముందుకొచ్చాకే ఒక కన్ను బయట పెట్టి చూస్తాయి.