చక్రానికి వేసిన తాళం

మా కారును మేము కొనేటప్పటికే దానికి అల్లాయ్ చక్రాలు ఉన్నాయి. వాటిని ఎవరూ ఊడదీసుకుపోకుండా పాత యజమాని ఒక్కో చక్రానికి ఒక్కో లాక్ నట్టు కూడా వేయించారు. అంటే చక్రానికి ఉన్న నాలుగు నట్లలో మూడు మామూలు ఆరుపలకల నట్లు. నాలుగోది గుండ్రని తలతో, ఆ తల మీద వంకులు తిరిగిన గాడితో ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే చిన్న ఉక్కు ముక్కను కీ అంటారు. కీని నట్టు మీద పెట్టి, దాని వెనుక వైపునకు వీల్ పానా తగిలించి తిప్పాలి. కీ లేనిదే ఆ నట్టు రాదు, ఆ నట్టు రానిదే చక్రం రాదు. దొంగను ఆపడానికి ఇది మంచి ఏర్పాటే. అయితే ఆ నట్టును ఎవరు ఎంత బలంతో బిగిస్తారన్నది మాత్రం తాళం చేసినవారి చేతిలోనూ ఉండదు, కారు యజమాని చేతిలోనూ ఉండదు.

విజయవాడ నుంచి హైదరాబాదుకు తిరిగి వస్తున్నప్పుడు, 65వ నంబరు జాతీయ రహదారి మీద మునగాల దాటిన తరువాత కారు వెనుక భాగం ఎడమకు లాగడం మొదలుపెట్టింది. బ్రేకు గట్టిగా తొక్కకుండా, వేగం దానంతట అదే తగ్గేదాకా స్టీరింగును తిన్నగా పట్టుకొని, రోడ్డు అంచున నేల చదునుగా ఉన్నచోట ఆపాను. దిగి చూస్తే ఎడమ వెనుక టైరు సగానికి పైగా కుంగి ఉంది. మా ఆవిడనూ పిల్లవాడినీ రోడ్డు పక్కనున్న ఇనుప కంచెకు అవతల నిలబెట్టి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎర్రని త్రికోణాన్ని కారుకు బాగా వెనుక పెట్టించాను. లారీలు వేగంగా పోయే దారిలో టైరు మార్చడం కంటే ముందు చేయవలసిన పని ఇది. చక్రం దగ్గర వంగి కూర్చున్న మనిషి వెనుక నుంచి వచ్చే డ్రైవరుకు చాలా ఆలస్యంగా కనిపిస్తాడు.

మా బావమరిది స్టెప్నీ, జాకీ, పానా బయటకు తీశాడు. చేతిబ్రేకు వేసి, గేరులో పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాము. నట్లు వదులు చేయడమన్నది కారును జాకీ మీదికి ఎత్తకముందే జరగాలి. ఎత్తిన తరువాత బలం పెడితే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీద నుంచి జారే ప్రమాదమూ ఉంటుంది. మూడు మామూలు నట్లు గట్టిగానే ఉన్నా, పానా మీద కాలితో తొక్కితే ఒక్కొక్కటిగా కిర్రుమని కదిలాయి. లాక్ నట్టు దగ్గరికి వచ్చేసరికి కీ గాడిలో కూర్చున్నట్టే కూర్చుని, బలం పడగానే పక్కకు జారింది. తీసి చూస్తే కీ మీది వంకుల్లో ఒకటి అంచున చిట్లి ఉంది.

"బావా, ఇది మనం బిగించింది కాదు, గన్ను పెట్టి బిగించారు," అన్నాడు మా బావమరిది. అతను చెప్పినది నిజమే. కొంతకాలం క్రితం అలైన్‌మెంట్ చేయించి, ముందు టైర్లు వెనక్కి, వెనుకవి ముందుకు మార్పించాము. అక్కడి కుర్రవాడు అన్ని నట్లనూ గాలి ఒత్తిడితో తిరిగే ఎయిర్ గన్‌తోనే బిగించాడు.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పుకోవాలి. చిన్న కార్ల చక్రాల నట్లకు కంపెనీలు చెప్పే బిగువు, అంటే టార్క్, సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతన్నది యజమాని చేతిపుస్తకంలో చూసుకోవచ్చు. పావు మీటరు పొడవున్న పానా చివర 40 కిలోల బలంతో నొక్కితే అది దాదాపు 98 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంటే మామూలు మనిషి రెండు చేతులతో గట్టిగా నొక్కితే వచ్చే బిగువే నట్టుకు కావలసిన బిగువు. అరవై కిలోల మనిషి ఆ పానా చివర ఎక్కి నిలబడితే 147 వస్తుంది. టైర్ల దుకాణాల్లో వాడే ఎయిర్ గన్నులు ట్రిగ్గరు కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే దీనికి మూడింతలు కూడా సులభంగా దాటిపోతాయి. మామూలు నట్టుకు ఆరు పలకలూ బలంగా ఉంటాయి కాబట్టి అది ఈ బాధను ఎలాగో ఓర్చుకుంటుంది. లాక్ నట్టు కీకి ఉండేవి సన్నని వంకులు. పైగా గన్ను దెబ్బదెబ్బగా కొడుతూ తిప్పుతుంది. అందుకే లాక్ నట్టు తయారుచేసేవాళ్లు కీ మీద ఎయిర్ గన్ పెట్టవద్దని పెట్టె మీదే రాస్తారు. ఆ పెట్టె కారుతో పాటు దుకాణానికి వెళ్లదు కదా.

చిట్లిన కీతో కూడా ఒక ఉపాయం ప్రయత్నించదగినది. మూడు నట్లు ముందే వదులు చేసేసరికి చక్రాన్ని పట్టి ఉంచే భారంలో ఎక్కువ భాగం నాలుగో నట్టు మీద పడుతుంది, దాంతో అది మరింత బిగుసుకుంటుంది. అందువల్ల ఆ మూడింటినీ తిరిగి పూర్తిగా బిగించి, తరువాత లాక్ నట్టును ప్రయత్నించాలి. అసలు వరుసే అది: విప్పేటప్పుడు లాక్ నట్టును మొదట విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివర చేత్తో బిగించాలి. మేము మూడింటినీ బిగించాము. కీని చిన్న రాయితో తట్టి గాడిలోకి లోతుగా దింపాము. బావమరిది కీ వంకరపోకుండా అరచేతితో అదిమి పట్టుకోగా, నేను ముందు బిగించే వైపు కొద్దిగా, తరువాత విప్పే వైపు నెమ్మదిగా బలం పెట్టాను. తుప్పు పట్టిన నట్టు ఒక్కోసారి ఇలా ముందుకు కాస్త కదిలితే వెనక్కి వస్తుంది. ఈ నట్టు రాలేదు. మిగిలిన వంకులు కూడా అరిగిపోవడంతో కీ గాడిలో ఖాళీగా తిరగసాగింది. అక్కడితో ఆపేశాము, గాడి కూడా అరిగిపోతే తరువాత తీసేవాడికి పట్టే ఉండదు.

స్టెప్నీ చేతిలో ఉంది, జాకీ ఉంది, చక్రం మాత్రం రాదు. అప్పుడు చక్రాన్ని వదిలేసి టైరును చూడడం మొదలుపెట్టాము. నిజానికి అది మొదట చూడవలసిన విషయమని నా అభిప్రాయం. ట్యూబ్‌లెస్ టైరు పంక్చరైతే చక్రం ఊడదీసి తీరాలన్న నియమం ఏమీ లేదు. కారును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ టార్చితో వెతికితే నేలను తాకే భాగంలో ఒక మేకు తల కనిపించింది. మేకు ఇంకా లోపలే ఉండడం వల్ల గాలి ఒక్కసారిగా పోక, మెల్లగా పోయింది. ఇలాంటప్పుడు మేకును పీకకూడదు. పీకితే ఆ రంధ్రమే పూర్తిగా తెరుచుకుంటుంది. కారులోని పన్నెండు వోల్టుల సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు మా దగ్గర ఉంది. ఇంజను నడుస్తుండగా దానితో గాలి పట్టి 35 పీఎస్ఐ దాకా తెచ్చి, కాసేపు ఆగి చూస్తే పంపు మీటరు ముల్లు కదిలింది కానీ వేగంగా పడిపోలేదు. టైరు పక్కగోడను చేత్తో తడిమి, ఎక్కడా చీలిక గానీ ఉబ్బు గానీ లేదని చూసుకున్నాము. పక్కగోడ తెగి ఉంటే ఈ ప్రయత్నం చేయకూడదు. అప్పుడు 1033కు ఫోను చేసి రహదారి సహాయ వాహనం కోసం ఎదురుచూడడమే దారి. ఆ నంబరు జాతీయ రహదారులన్నింటి మీదా పనిచేస్తుంది.

మధ్యలో ఆగి మళ్లీ గాలి పట్టుకుంటూ, నలభై దాటకుండా నడుపుకుంటూ సూర్యాపేట చేరాము. బస్తీ మొదట్లోనే ఒక పంక్చర్ షాపు తెరిచి ఉంది. షాపతను లాక్ నట్టును వేలితో తడిమి నవ్వాడు. "గిది మాతోని రాదు సార్. ఊకె కొట్టుడు పెడితే డిస్కు పగులుతది. చక్రం ఇప్పకుంటనే పంక్చర్ ఏస్త గానీ, హైదరాబాదుల టైరు లోపట సూపెట్టుండ్రి," అన్నాడు. కారును జాకీ ఎత్తి, చక్రాన్ని మేకు పైకి వచ్చేలా తిప్పి, మేకు పీకి, ఆకురాయిలాంటి సూదితో రంధ్రాన్ని గరుకు చేసి, జిగురు పూసిన రబ్బరు పట్టీని మడిచి దూర్చి, బయట మిగిలిన కొనలు కోసేశాడు. సబ్బు నీళ్లు పోస్తే బుడగ రాలేదు. పని అయిపోయింది.

అతను లోపల చూపించమన్నదానికి కారణం ఉంది, దానిని చాలామంది పట్టించుకోరు. బయట నుంచి దూర్చిన పట్టీ గాలిని ఆపుతుంది కానీ టైరు లోపలి స్థితిని చెప్పదు. గాలి తగ్గిన టైరు మీద కారు కొద్ది దూరం నడిచినా పక్కగోడ మడతపడి, లోపలి పొర రాపిడికి రబ్బరు పొడిగా రాలుతుంది. పైకి టైరు చక్కగానే కనిపిస్తుంది. టైరును రిమ్ము నుంచి విప్పి లోపల నల్లని పొడి ఉందో లేదో చూసి, లేకపోతే లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు రబ్బరు అతుకు, అంటే మష్రూమ్ ప్యాచ్, వేయడం సరైన మరమ్మతు. నేలను తాకే భాగంలో, సుమారు ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే అది కూడా. అందువల్ల పంక్చర్ తీరినా లాక్ నట్టు సమస్య తీరలేదు. చక్రం ఊడి రావలసిందే.

2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, మరమ్మతు కిట్టు, టైరు గాలిని కనిపెట్టే వ్యవస్థ ఉన్న కార్లకు స్టెప్నీ ఉండి తీరాలన్న నియమాన్ని సడలించారు. స్టెప్నీ లేని కారా అని అప్పట్లో ముక్కు విరిచినవారిలో నేనూ ఉన్నాను. స్టెప్నీ డిక్కీలో ఉండి కూడా అక్కరకు రాని ఆ సాయంత్రం తరువాత, గాలి పంపు మీద నాకున్న గౌరవం బాగా పెరిగింది.

హైదరాబాదులో మా ఇంటికి దగ్గరున్న గ్యారేజీ మేస్త్రీ తొందరపడకుండా పనిచేసే మనిషి. ఆయన మొదట అడిగింది కీ మీద గానీ, దానితో వచ్చిన కార్డు మీద గానీ కోడ్ నంబరు ఉందా అని. నంబరు ఉంటే అదే వంకుల కీని తయారీదారు దగ్గర నుంచి తెప్పించవచ్చు. మా కీ మీద నంబరు లేదు, కార్డు ఎన్నడూ లేదు. రెండో పద్ధతి, నట్టు తల కంటే కాస్త చిన్నదైన పన్నెండు పలకల సాకెట్‌ను సుత్తితో కొట్టి దాని మీదికి ఎక్కించి, పొడవు రాడ్డుతో తిప్పడం. చాలా లాక్ నట్లు దీనికి లొంగుతాయి. మా నట్టుకు బయట వదులుగా తిరిగే ఒక ఉంగరం ఉంది. సాకెట్ ఎక్కింది, రాడ్డు తిరిగింది, ఉంగరం కూడా తిరిగింది, నట్టు మాత్రం తిరగలేదు. దొంగ ఇలాంటి ఉపాయమే పన్నుతాడని ముందే ఊహించి చేసిన తాళమది.

చివరకు వెల్డింగే దిక్కయింది. కారు బ్యాటరీ తీగలు విప్పి, అల్లాయ్ చుట్టూ తడి గోనెసంచి ముక్కలు కప్పి, ముందు ఉంగరాన్ని ఉలితో చీల్చి తీసేశారు. తరువాత లోపలి నట్టు తల మీద ఒక పాత ఆరుపలకల నట్టును పెట్టి మధ్యలో వెల్డింగు పోశారు. ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది. వేడికి నట్టు వ్యాకోచించి మరలో తుప్పు పట్టు సడలుతుంది. కొంచెం చల్లారనిచ్చి పానా పెట్టి తిప్పితే పెద్ద చప్పుడుతో కదిలింది. మిగిలిన మూడు చక్రాల లాక్ నట్లకు కూడా ఇదే సేవ చేయించాను. మేస్త్రీ ఎందుకని అడగలేదు.

నట్లన్నీ వచ్చినా ఎడమ వెనుక చక్రం వెంటనే రాలేదు. అల్యూమినియం చక్రం, అది ఆనుకొని బిగిసే ఉక్కు హబ్బు నీళ్లు తగిలే చోట ఎక్కువ కాలం ఆనుకొని ఉంటే రెండు లోహాల మధ్య తెల్లని బూజులాంటి తుప్పు పేరుకొని, అవి ఒకదానినొకటి పట్టుకుంటాయి. రెండు నట్లను కొనలకు వదులుగా ఎక్కించి ఉంచి, టైరును ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క మడమతో తన్నితే ఊడింది. నట్లు పూర్తిగా తీసేసి తన్నితే చక్రం మీద పడవచ్చు. హబ్బు ముఖాన్ని ఇనుప బ్రష్షుతో గీకి, చాలా పల్చగా గ్రీజు పూశారు. నట్లు ఎక్కే బోల్టులైన స్టడ్ల మర మీద మాత్రం గ్రీజు పడనివ్వలేదు, ఎందుకంటే మర నూనెగా ఉంటే అదే టార్క్‌కు నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. టైరు లోపల నల్లపొడి లేదు. మష్రూమ్ ప్యాచ్ పడింది.

లాక్ నట్ల బదులు మామూలు నట్లు వేయించుకున్నాను. చక్రం ఒక్కొక్కటి ముప్పై, నలభై వేలు చేసే కారు రాత్రిళ్లు వీధిలో నిలబడుతుంటే తాళం అర్థవంతమే. అపార్టుమెంటు గేటు లోపల ఉండే చిన్న కారుకు, అందులోనూ నట్లను ఎయిర్ గన్‌తో తప్ప బిగించడం తెలియని దుకాణాలకు వెళ్లక తప్పని మన ఊళ్లలో, అది దొంగ కంటే యజమానినే ఎక్కువగా అడ్డుకుంటుందని నేను అనుకుంటున్నాను. కొత్త నట్లు కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి మర: మారుతి సుజుకి కార్లకు సాధారణంగా 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద 1.25 మర (పక్కపక్క చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఉంటుంది, హ్యుందాయ్, హోండా, టయోటా కార్లలో ఎక్కువగా 1.5 ఉంటుంది, ఒక మర నట్టు ఇంకో మర స్టడ్డు మీద మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, ఆ తరువాత స్టడ్డును పాడుచేస్తుంది. రెండోది నట్టు అడుగు, అంటే చక్రానికి ఆనే భాగం: కొన్ని అల్లాయ్‌లకు ఏటవాలు అడుగు, కొన్నింటికి గుండ్రని అడుగు కావాలి. పాత స్టీలు స్టెప్నీకి కూడా అవే నట్లు సరిపోతాయో లేదో దుకాణంలోనే పెట్టి చూసుకోవడం మంచిది.

మేస్త్రీ నట్లను ఎదురెదురుగా ఒక్కొక్కటి చొప్పున, అనుకున్న బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచ్‌తో బిగించి, నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించమన్నారు. తీసుకెళ్తే ఎడమ వెనుక చక్రంలో ఒక నట్టు పావు చుట్టు కంటే తక్కువ తిరిగింది, మిగిలినవి రెంచ్ టక్కుమనే దాకా కదలలేదు.