జిమ్ మెషీన్‌కి రెప్ కౌంటర్: రీడ్ స్విచ్ బిగించే పద్ధతి

వేలిముద్ర మెషీన్ జిమ్‌కి ఎవరొచ్చారో చెబుతుంది. లాట్ పుల్‌డౌన్ (బార్‌ని పైనుంచి కిందికి లాగే మెషీన్) కేబుల్ ఎంత అరిగిందో చెప్పదు. అందుకే సభ్యుల వర్కౌట్ యాప్ కన్నా ముందు మెషీన్ మీద ఎన్ని రెప్‌లు (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) పడ్డాయో లెక్క మొదలుపెట్టమంటాను.

బరువుల దొంతరలో పిన్ను ఎక్కడ గుచ్చినా పై ప్లేటు ప్రతి రెప్‌కీ లేస్తుంది. అయస్కాంతం దానికే పెట్టాలి. నేరుగా ఇనుముకి అంటిస్తే దాని బలం ప్లేటులోకే పోతుంది, మధ్యలో 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క ఉండాలి. రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్‌లు) రెండు ఫ్రేమ్‌కి బిగించండి: అయస్కాంతం ఆగే చోటికి 5 సెంటీమీటర్ల పైన ఒకటి, 15 దగ్గర ఇంకొకటి. కిందది, ఆ తర్వాత పైది తగిలితేనే ఒక రెప్. ఒక్క స్విచ్‌తో సరిపెడితే ప్లేటు ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి తగిలి లెక్క రెట్టింపవుతుంది. రోహిణి కార్తె ఎండలకు డబుల్ టేపు జారిపోతుంది. స్విచ్‌లకు కేబుల్ టై, అయస్కాంతానికి ఎంసీల్ వాడండి.

వైర్లు ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డుకి వెళ్తాయి. బోర్డు మీద 34 నుంచి 39 వరకు పిన్నులకు లోపల పుల్‌అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నుని వోల్టేజీకి పట్టి ఉంచే రెసిస్టర్) ఉండదు, వాటిని వాడితే బయట 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పదు. పక్కనే ట్రెడ్‌మిల్ ఉంటే దొంగ లెక్కలు పడతాయి. పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే చాలావరకు తగ్గుతాయి. ఈ బోర్డు వైఫైని 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అందుకుంటుంది. ఒంగోలు, కావలి లాంటి చోట్ల ఉప్పుగాలికి జంపర్ వైర్ల కొసలు చిలుం పడతాయి. సోల్డర్ చేసి స్లీవ్ తొడగడమే మందు.

ట్రెడ్‌మిల్‌కి కరెంటు కొలిచే క్లాంప్ చాలు. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి పట్టిస్తే సున్నా చూపిస్తుంది, ఒక్క ఫేజ్ వైరుకే వేయాలి. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. దీంతో నడిచిన గంటలు తెలుస్తాయి. అంతకన్నా విలువైనది ఇంకొకటుంది: వారానికోసారి మనిషి లేకుండా గంటకు 5 కిలోమీటర్ల వేగంలో తిప్పి ఆంపియర్లు రాసిపెట్టండి. అంకె వారవారం పెరుగుతుంటే బెల్టు కింద సిలికాన్ ఆయిల్ ఆరిందనే మొదట అనుమానించాలి. మోటారు కాలకముందే తెలిసిపోతుంది.

కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే బోర్డు గడియారం 1970కి వెళ్తుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ కలపండి. చౌక మాడ్యూళ్లలో కొన్నింటికి ఛార్జింగ్ దారి ఉంటుంది. ఛార్జ్ చేయకూడని మామూలు సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వేసేముందు ఆ దారిలోని డయోడ్ తీసేయాలి, లేదంటే బిళ్ల ఉబ్బుతుంది.

ఎవరు చేశారు, ఎన్ని కిలోలు అన్నది స్విచ్‌కి తెలియదు. మెషీన్‌కో క్యూఆర్ స్టిక్కర్ అంటించి, బరువు సభ్యులే నింపేలా చేసి, సమయాన్ని బట్టి స్విచ్ లెక్కతో జత కలపండి.