సింక్ కింద ఫుట్ పంపు మార్చేశాను

మా సెయిల్‌బోట్‌లో మంచినీళ్ల ఫుట్ పంపు కొంతకాలంగా మొరాయిస్తోంది. ఇదివరకు కాలితో రెండు మూడుసార్లు తొక్కితే కుళాయిలో నీళ్లొచ్చేవి, ఈమధ్య ఎంత తొక్కినా ముందు గాలే వస్తోంది, ఆ తర్వాతెప్పుడో నీళ్లు. పైగా పడవ అడుగున తడి కనిపిస్తోంది. సముద్రం నీళ్లు లోపలికొస్తున్నాయేమోనని టెన్షన్ పడి, వేలు ముంచి నాలుక చివర పెట్టి చూశాను. ఉప్పగా లేదు. అంటే మన ట్యాంకు నీళ్లే కారుతున్నాయన్నమాట.

ఈ పంపులో పెద్దగా ఏమీ ఉండదు. ఒక రబ్బరు డయాఫ్రమ్ (తొక్కితే వంగే పొర), దాన్ని మళ్లీ పైకి తోసే స్ప్రింగు, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే రెండు చిన్న వాల్వులు, అంతే. వాల్వు అంచున చిన్న నలుసు ఇరుక్కున్నా, రబ్బరు గట్టిపడినా గొట్టంలోకి ఎక్కిన నీళ్లు మళ్లీ ట్యాంకులోకి జారిపోతాయి. బాడీ బాగుంటే రిపేర్ కిట్ చాలు. మాదానికి డయాఫ్రమ్ చీలింది, గొట్టం తొడిగే మూతి దగ్గర ప్లాస్టిక్ కూడా పగిలింది, అందుకే మొత్తం మార్చాను.

ముందు ట్యాంకు వాల్వు కట్టేసి, ఏ గొట్టం ట్యాంకు నుంచి వస్తోందో, ఏది కుళాయికి పోతోందో టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పక్కనే సముద్రపు నీళ్ల పంపు కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం. పాత గొట్టం మూతికి అతుక్కుపోయి ఉంటుంది, గుంజకుండా కత్తితో నిలువుగా కోస్తే దానంతటదే విడిపోతుంది. కొత్త గొట్టం మంచినీళ్లకు పనికొచ్చే రకమే కొనాలి. దాని కొసని కాసేపు వేడినీళ్లలో ఉంచితే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది. క్లిప్పులు స్టెయిన్‌లెస్‌వి వేసి, గట్టిగా పట్టేదాకా బిగిస్తే చాలు, అంతకుమించి బిగిస్తే ప్లాస్టిక్ మూతి తట్టుకోదు. కొత్త పంపు స్క్రూలకు పాత రంధ్రాలు సరిపోలేదు, వాటిని ఎపాక్సీ జిగురుతో పూడ్చాను. రంధ్రాలు అలా తెరుచుకుని ఉంటే పంపు బిగించిన ప్లైవుడ్ నీళ్లు పీల్చి కుళ్లిపోతుంది.

అన్నిటికంటే మోసం చేసేది ట్యాంకు వైపు జాయింటు. అది కాస్త వదులైతే నీళ్లు కారాలని లేదు, తొక్కినప్పుడల్లా అక్కడి నుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. పైకి అంతా పొడిగా ఉంటుంది, మనమేమో పంపుని తిట్టుకుంటాం. అందుకే అటువైపు పారదర్శకంగా ఉండే గొట్టం ముక్క వేశాను, బుడగలు వస్తే టార్చి వేయగానే కనిపిస్తాయి.

ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, కానీ నాకు ఇదే ఇష్టం. పడవ ఒక పక్కకి ఒరిగి పోతున్నప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, బ్యాటరీ అయిపోయినా నీళ్లొస్తాయి, ఎంత తొక్కితే అంతే ఖర్చవుతుంది. కుళాయి తిప్పి మర్చిపోయి ట్యాంకు ఖాళీ చేసే ప్రమాదం ఉండదు, తీరానికి దూరంగా ఉన్నప్పుడు అది ఎంత పెద్ద విషయమో ఇలా ప్రయాణించినవాళ్లకి తెలుసు.

బిగించాక మొదట వచ్చిన నీళ్లు పారబోసి, ప్రతి జాయింటుకీ టిష్యూ పేపర్ చుట్టి మర్నాటిదాకా వదిలేశాను. ఒక్కటీ తడవలేదు. ఒకసారి ప్రయాణం చేసి వచ్చాక క్లిప్పులు మళ్లీ ఓసారి చూస్తాను, కొత్త గొట్టం కాస్త సర్దుకుంటుంది కాబట్టి.