ఏడో పక్కటెముక

అక్టోబర్ 12, ఆదివారం

ఫైలిన్ తుపాను వచ్చి ఇవాళ్టికి పన్నెండేళ్ళు. పొద్దున పాలవాడు కూడా అదే మాట అన్నాడు. మా గంజాం జిల్లాలో అక్టోబర్ రెండో వారం వచ్చిందంటే జనం ఓసారి ఆకాశం వైపు చూసిగానీ దండెం మీద బట్టలెయ్యరు. 2013లో ఫైలిన్ 12వ తారీకు రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ మరుసటేడు హుద్‌హుద్ మళ్ళీ 12నే, కాకపోతే అది విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ 11 తెల్లవారుజామున పలాస దగ్గర. క్యాలెండర్ చూసుకుని బయల్దేరతాయో ఏమిటో. ఇవాళ మటుకు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, గాలి లేదు. మా విమానం ఎగరాల్సిన రోజు. ఎగరలేదు.

శుక్రవారం సాయంత్రం షెడ్డు దగ్గర కాపలా ఉండే కుర్రాడు ఫోన్ చేశాడు. ఈయనకి చెయ్యడానికి భయం, అందుకని నాకు. "మావుసీ, డెణా ఫాటిగలా" అన్నాడు. రెక్క చిరిగిపోయింది. టార్పాలిన్ సర్దుతుంటే వెదురుబొంగు జారి ఎడమ రెక్క మీద పడిందట. నేను ఆ మాటే ఈయనకి చెబితే రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఎంత చిరిగిందట?" అన్నారు. అరచేయంత. "పక్కటెముకకి తగిలిందా, మధ్యలోనా?" అదే కదా వాడికి తెలీనిది.

ఈయన రిబ్బు అంటారు, నేను పక్కటెముక అంటాను. చెక్కతో చేసిన ఆ ఆకారాలే రెక్కకి ఎముకలు. వాటి మీద గుడ్డ పరిచి, అంచులు అంటించి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి బిగదీస్తారు. మా విమానం రేకుది కాదు, గుడ్డది. అడుగున స్టీలు గొట్టాలు, రెక్కల్లో చెక్క, పైన పాలిస్టర్ గుడ్డ. ప్లానులు కొనుక్కుని ఈయన ఎయిర్‌ఫోర్స్ నించి రిటైరై వచ్చాక 2008లో మొదలుపెట్టారు. 2017లో గాల్లోకి లేచింది. మధ్యలో అనుమతుల కాగితాల సంగతి రాయను. ఆ ఫైళ్ళన్నీ ఎక్కిస్తే విమానం లేవదు.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, కుట్టు వల్ల. బెరంపురం దేవాంగుల పిల్లని. నాన్న మగ్గం మీద ఫోడా అంచు పట్టుచీరలు నేసేవాడు. నూలు మీద చెయ్యి వేస్తే పోగు ఎక్కడ నలిగిందో కళ్ళు మూసుకుని చెప్పే ఇంట్లో పుట్టాను. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో విమానం రెక్కలకి లినెన్ గుడ్డ కుట్టింది ఎక్కువగా ఆడవాళ్ళేనని ఈయన ఎక్కడో చదివి, ఓరోజు రాత్రి అన్నం తింటూ తీరిగ్గా చెప్పారు. అది కబురు కాదు, పని పురమాయింపు అని నాకు పప్పులోకి వచ్చేసరికే అర్థమైంది.

గుడ్డని ఎముకలకి అంటించినంత మాత్రాన చాలదు. రెక్క పైభాగంలో గాలి గుడ్డని పైకి లాగుతూ ఉంటుంది. జిగురు ఒక్కటే ఆపలేదు. అందుకే ఒక్కో పక్కటెముక పొడుగునా రెక్కకి ఈ వైపు నించి ఆ వైపుకి మూరెడు సూదితో మైనం పట్టించిన దారం దూర్చి, ఎముకని చుట్టి, ప్రతి కుట్టుకీ విడిగా ముడి వేస్తూ పోవాలి. ప్రొపెల్లర్ గాలి తగిలే చోట రెండున్నర అంగుళాలకో కుట్టు, దూరంగా మూడున్నరకి. ముడి వేశాక దాన్ని గుడ్డ లోపలికి లాగేస్తాం, పైన టేపు అంటిస్తాం, ఆ మీద రంగు. బయటికి చూస్తే నున్నటి గీత తప్ప ఏమీ కనపడదు. వందల ముడులు, ఒక్కటీ ఎవరికీ కనపడదు. కనపడకపోవడమే బాగా కుట్టినట్టు.

ఇద్దరు లేకపోతే ఈ పని సాగదు. ఒకరు సూదిని పొడవాలి, రెండోవాళ్ళు అవతలి నించి తిరిగి పంపాలి.

పొద్దున ఐదున్నరకి స్కూటర్ మీద బయల్దేరాం. ఛత్రపురం వైపు, తెలిసినవాళ్ళ జీడితోట పక్కన మట్టి రన్‌వే. ఒకవైపు మొగలి డొంక. ఈ జిల్లా మొగలిపువ్వు అత్తరుకి దేశమంతా గిరాకీ గానీ, ఆ ముళ్ళ ఆకులు రెక్క అంచుకి తగిలితే ఏమవుతుందో మాకే తెలుసు. వెళ్ళగానే ఈయన రెక్క వైపు చూడలేదు. మొహం కడుక్కున్నంత మామూలుగా పెట్రోలు పరీక్ష మొదలుపెట్టారు. గాజు కొలతగొట్టంలో పది మిల్లీలీటర్ల నీళ్ళు, పైన తొంభై పెట్రోలు పోసి బాగా కుదిపి నిలబెట్టడం. పెట్రోల్లో ఎథనాల్ ఉంటే అది నీళ్ళలోకి దిగిపోతుంది, అడుగున నీటి గీత పది దాటి పైకి వస్తుంది. ఈ మధ్య ఊళ్ళో మామూలు బంకు పెట్రోలు పోసి చూస్తే ఇరవై ఎనిమిది దాకా వచ్చింది. అంటే ఇరవై శాతం. మా రోటాక్స్ ఇంజనుకి పది శాతం దాటకూడదని కంపెనీవాళ్ళ మాట. పైగా ఎథనాల్ తేమని పీల్చుకుంటుంది, సముద్రం గాలికి ఇక్కడ తేమకేం కొదవ. అందుకని ఎథనాల్ కలపలేదని చెప్పే ఖరీదైన పెట్రోలే కొంటాం. చెప్పింది నమ్మి ఈయన ఏ రోజూ పోసిన పాపాన పోలేదు. ఇవాళ గీత పది మీదే నిలిచింది.

ఆ తరవాత ఇగ్నిషన్ కట్టేసి ఉందని రెండుసార్లు చూసి, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పడం. ఈ ఇంజన్లో ఆయిలు అడుగున ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. ప్రొపెల్లర్ తిప్పుతుంటే ఆయిలంతా ట్యాంకులోకి చేరి, చివర్న గుడగుడమని త్రేన్పు వస్తుంది. ఆ త్రేన్పు విన్నాకే పుల్ల పెట్టి కొలవాలి. భోజనం చేసిన మావయ్యగారిలా త్రేన్చాలన్నమాట. ఎగరని రోజున ఇదంతా ఎందుకండీ అంటే, ఎగరనని ఎవరన్నారు అన్నారు. చిన్న చిరుగైతే అతికేసి మధ్యాహ్నానికి లేవొచ్చని ఆయన ఆశ. గాలిగొట్టానికి నేను కుట్టిన ఎర్రగుడ్డ తొడుగు ఉంది కాబట్టి సరిపోయింది. అది లేని వారం కందిరీగ దానినిండా మట్టి పెట్టేసింది. ఆ గొట్టం మూసుకుపోతే గాల్లో స్పీడు ఎంతో తెలీదు.

చివరికి నిచ్చెన వేసుకుని రెక్క మీదికి చూశారు. ఏడో పక్కటెముకకి ఆనుకుని, మూలమట్టం ఆకారంలో చిరుగు. "ఎముకకి ఏం కాలేదు" అన్నారు. నా గుండె అక్కడ దడదడలాడింది. ఏడోది.

కరెంటు పోయిన రోజులవి. ఫైలిన్ వెళ్ళాక మా వీధికి రెండు వారాలు కరెంటు లేదు. అప్పటికి రెక్కలు రెండూ మా ముందు గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. గుడ్డ బిగదీయడం తుపానుకి ముందే అయిపోయింది. ఇక మిగిలింది చేతి కుట్టే కాబట్టి వసారాలో పెట్టుకుని కుడుతూ కూర్చునేదాన్ని. ఓరోజు సాయంత్రం ఈయన కిరసనాయిలు కోసం వెళ్తూ, వెలుతురు పోతే ఆపెయ్యండి అని చెప్పి వెళ్ళారు. అవతలి వైపు అమ్మ కూర్చుంది, సూది తిరిగి పంపడానికి. ఏడో ఎముక మీద పదకొండో కుట్టు దగ్గర దారం అయిపోయింది. దారం అతికితే ఏ ముడి వెయ్యాలో పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. మామూలు ముడి మైనం దారం మీద జారిపోతుంది. పుస్తకం తెచ్చి దీపం వెలిగించాలి. "ఇటియ్యే, ఈపాటి ముడికి పుస్తకమేటి" అని అమ్మ నా చేతిలోంచి రెండు కొసలూ లాక్కుని, బొటనవేలు మీద ఒక్క తిప్పు తిప్పింది. తెగిన పడుగు పోగుని నలభై ఏళ్ళు అతికిన చెయ్యి. నేను మాట్లాడకుండా ముడిని లోపలికి లాగేశాను. ఈయనకి చెప్పలేదు. తరవాత రంగు పడింది. తరవాత అమ్మ పోయింది. తరవాత రెక్క గాల్లోకి లేచింది, ఎనిమిదేళ్ళ నించి లేస్తూనే ఉంది. రుషికుల్య మొగ మీదుగా వెళ్ళేటప్పుడు కింద నది నీళ్ళు సముద్రంలో గోధుమరంగుగా విచ్చుకోవడం ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ ఓ కన్ను ఎడమ రెక్క మీదే ఉండేది.

ఇవాళ ఫోను లైటు వేసి చిరుగులోంచి లోపలికి చూశాను. ఉంది. వరసలో మిగతావన్నీ ఒకలా ఉన్నాయి, ఇదొక్కటే బుడిపెలా పక్కకి ఉంది, కొసలు అంగుళం పొడుగు. అమ్మ కొసలు పొట్టిగా కత్తిరించేది కాదు, పట్టుపోగు వృథా అని.

చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. నిచ్చెన దిగొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఫోనులో ఫొటో పెద్దది చేసి చూసి, "ఎన్ని గంటలు ఎగిరాం దీంతో?" అని తనని తనే అడుగుతున్నట్టు అడిగారు. లాగ్‌బుక్‌లో చూస్తే 212. ఇక మధ్యాహ్నానికి లేచే మాట మళ్ళీ ఎత్తలేదు.

పైనా కిందా ఆ ఎముక పొడుగునా టేపు ఊడదీయడానికే మధ్యాహ్నం దాటింది. రంగు కరిగించే మందు వాసనకి తల దిమ్మెక్కింది. మధ్యలో భోజనం. నేను చేపలపులుసు తెచ్చాను. కుర్రాడు డబ్బా మూత తియ్యగానే రెండు మూరలు వెనక్కి జరిగాడు. ఒడియావాళ్ళకి కుమార పున్నమి దాటగానే కార్తీకం వచ్చేస్తుంది, నెలంతా నీచు ముట్టరు. మనకి దీపావళి వెళ్తేగానీ రాదు. ఒకే ఊళ్ళో పదిహేను రోజుల తేడాతో రెండు కార్తీకాలు. వాడికి పెరుగన్నం పెట్టాను. చిరుగు చేసింది తనే కాబట్టి పాపం పొద్దున్నించీ ఏ పని చెప్పినా పరుగెత్తుతున్నాడు.

కుట్లన్నీ కత్తిరించాక ఈయన ఆ ముడి ఉన్న ముక్కని విడిగా తీశారు. పారేస్తారనుకున్నాను. ఒక కొసని దూలానికి కట్టి, రెండో కొసకి బాల్చీ తగిలించి, నీళ్ళు కొలిచి పొయ్యడం మొదలుపెట్టారు. ఎయిర్‌ఫోర్స్ బుద్ధి. మామూలుగా ఎగిరేటప్పుడు ఒక్కో కుట్టు మీద పడేది కిలో అటూ ఇటూనట, కుదుపుల్లో నాలుగైదు రెట్లు. ఐదు లీటర్లు పోశారు, ఏం కాలేదు. పది. నేను కుర్రాడి పక్కన నిలబడి చూస్తున్నాను, అమ్మ పరీక్ష రాస్తున్నట్టుంది నాకు. పదిహేను దగ్గర కూడా ఆగింది. బాల్చీ నిండబోతుండగా ముడి మెల్లిగా, తొందరేం లేనట్టు జారింది. కొస అంగుళం తరిగింది, తరవాత అంతా. నీళ్ళు నేల మీద.

తెగలేదు, జారింది. పట్టుమీద జారదు, ఈ మైనం దారం అమ్మ ఎరగదు. పక్కన పుస్తకం ముడి ఒకటి వేసి అదే బాల్చీ నిండా తగిలిస్తే కదల్లేదు. ఈయన ఏమీ అనలేదు. "పదిహేను కిలోలు మోసిందే" అని మటుకు అన్నారు, కాస్త మెచ్చుకోలుగానే. నాకెందుకో ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఎక్కడో జారకుండా ఉంటే బాగుండేదని ఉంది, జారింది కాబట్టి ఇన్నాళ్ళ గుంజాటన తీరిందనీ ఉంది.

నాలుగింటికి కొత్త కుట్టు మొదలెట్టాం. ఆయన నిచ్చెన మీద, నేను రెక్క కింద స్టూలు మీద. ఈసారి అతుకు అవసరం లేకుండా దారం నాలుగు బారలు కత్తిరించుకున్నాను. మైనం పట్టించి సూదిలో ఎక్కించి పైకి పొడిస్తే, పైనించి "ఆఁ" అంటారు. తిరిగి కిందికి వస్తే నేను "ఆఁ". కుట్టుకో ముడి. మెడ పట్టేసింది. వయసు నలభైమూడు కాదు ఇప్పుడు, యాభైఐదు. మొత్తం పద్నాలుగు కుట్లు. ఇవి అయ్యాక టేపు, చిరుగు చుట్టూ రంగు గీకి అతుకు, దాన్ని ఇస్త్రీ చెయ్యడం, వెండిపూత. ఆ వెండిపూత సరిగ్గా పడకపోతే ఎండ గుడ్డని తినేస్తుంది. రాత్రిపూట రెక్క లోపల బల్బు పెట్టి ఎక్కడైనా వెలుగు సూదిబెజ్జంలా కనిపిస్తుందేమో చూడాలి. ఇంకో రెండు ఆదివారాల పని. దీపావళి ముందు లేవడం కల్ల.

తొమ్మిదో కుట్టు దగ్గరికి వచ్చేసరికి పొద్దు జీడిచెట్ల వెనక్కి దిగిపోయింది. సూది బెజ్జం కనపడటం లేదు. కుర్రాడు టార్చి పట్టుకుంటానన్నాడు. పైనించి ఈయన "ఇంక చాలు, వెలుతురు లేదు" అన్నారు. మరో రెండు వేసేద్దామని నోటిదాకా వచ్చింది.

సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేసి, స్టూలు దిగి, చేతులు కడుక్కున్నాను.